పుట్టింటి పేరు

ఆర్లిస్ టోర్విక్ మనిషి కనబడితే పుట్టింటి పేరు అడగకుండా ఉండలేదు. ఆడవాళ్లయితే వాళ్లది, మగవాళ్లయితే వాళ్ల అమ్మది.

జనం ఓట్లేసి వరసగా మూడుసార్లు రాష్ట్ర కోశాధికారిని చేసిన మనిషి. ప్రమాణం చేయించే జడ్జి "నేను చెప్పినట్టు చెప్పండి" అంటే, "చెప్తాను గానీ, మీ అమ్మగారిది ఏ ఇల్లు?" అంది. కారు జోరుగా నడుపుతోందని ఆపిన పోలీసు, వాళ్లమ్మమ్మ ఇంటిపేరు దాకా చెప్పి, జరిమానా రాయడం మరిచిపోయి వెళ్లిపోయాడు. పళ్ల డాక్టరు ఆమె నోట్లో చెయ్యి పెట్టి ఉండగా కూడా అడిగిందంటారు. ఆమె ఎన్నికల పనులు చూసే డెరెల్ అది నమ్మేవాడు కాదు గానీ, ఆ డాక్టరు అతని సొంత బావ.

ఈసారి గెలుపు మీద డెరెల్‌కి ఆశ సన్నగిల్లింది. పోటీకి దిగిన కుర్ర బ్యాంకరు కర్టిస్ బ్లూమ్, ఆ ప్రశ్ననే టీవీ ప్రకటన చేసి ఊరూరా నవ్విస్తున్నాడు. పార్టీ అధ్యక్షుడు తేల్చి చెప్పేశాడు: "ఇవాళ్టి ఎన్నికల చర్చలో ఆ మాట వినబడిందా, మా మద్దతు ఉండదు."

"ఒక్క గంట ఆగండి, మీకు పుణ్యం ఉంటుంది," అని కారులో బతిమాలాడు డెరెల్.

"ఒట్టు," అంది ఆర్లిస్ కిటికీలోంచి గోధుమ చేలు చూస్తూ. "శనివారం వేలంలో ఒక గాజు కన్ను పోతోంది డెరెల్. బూడిద రంగుది, పాప కింద చిన్న గోధుమరంగు మచ్చ. ఏదో పాత బ్యాంకు లాకర్లోది, సొంతదారు లేక మన ఖజానాకి చేరింది. ఎవరూ రాకపోతే అమ్మెయ్యమంటోంది చట్టం."

"గాజు కన్ను ఎవడిక్కావాలండీ! మీరు పన్నుల లెక్కలు చదువుకోండి."

ఎల్మ్‌ఫోర్క్ చర్చి కింది హాలు కిక్కిరిసింది. వెనక బల్ల మీద ఇళ్లలో వండి తెచ్చిన హాట్‌డిష్ కూర పళ్లేలు, నీళ్ల కాఫీ. ముందు వరసలో అధ్యక్షుడు, పక్కన ఆయన భార్య. మైకు సర్దడానికి ఒకావిడ రాగానే ఆర్లిస్ నోరు తెరిచింది. డెరెల్ దగ్గాడు. నోరు మూతపడింది. ఇలా నాలుగైదుసార్లు జరిగేసరికి, డెరెల్‌కి క్షయేమోనని పక్కాయన కుర్చీ జరుపుకున్నాడు.

"ఖజానా అంటే చుట్టరికాలు కలుపుకునే చోటు కాదు!" అన్నాడు కర్టిస్. హాలు పగలబడి నవ్వింది. ఆర్లిస్ పెదవి కొరుక్కుంది.

గంట అయిపోవస్తోంది. డెరెల్ అప్పుడే ఊపిరి వదలబోయాడు. చివరి ప్రశ్నకి ఓ ముసలావిడ చేతికర్రతో మైకు దగ్గరికొచ్చింది.

"నా పేరు లవోన్ పీటర్సన్. ఈ రోడ్డు పన్ను ఎందుకు పెంచారో చెప్పమ్మాయ్."

జవాబు చెప్పబోయిన ఆర్లిస్ ముసలావిడ కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. బూడిద రంగు కళ్లు. ఎడమకంటి పాప కింద చిన్న గోధుమరంగు మచ్చ.

డెరెల్ దగ్గాడు. మళ్లీ దగ్గాడు. ఆఖరికి లేచి నిలబడి దగ్గాడు.

"లవోన్ గారూ, మీ పుట్టింటి పేరేంటి?"

హాలు గొల్లుమంది. కర్టిస్ చప్పట్లు కొట్టాడు. అధ్యక్షుడు తల పట్టుకున్నాడు.

"హెగ్‌స్టాడ్. నేనడిగిందేంటి, నువ్వడిగేదేంటి?"

"మీ నాన్నగారికి ఒక కన్ను..."

"నూర్పిడి మిషనులో పోయింది. రోజూ పెట్టుకునేది ఒకటి, పండక్కి ఇంకోటి. పండగ కన్ను ఎక్కడ దాచాడో చెప్పకుండానే పోయాడు. ఇల్లంతా వెతికాం."

"నా దగ్గరుంది. శనివారం ఎవడో కొనుక్కుని కాగితాల మీద బరువుకి పెట్టుకునేవాడు."

నవ్వు ఆగిపోయింది. ముసలావిడ కర్ర కిందపడినా తీసుకోలేదు.

"మేం వెతకలేదనుకున్నారా?" అంది ఆర్లిస్. "హెగ్‌స్టాడ్ పేరు మీద పేపర్లో వేశాం. ఈవిడేమో పీటర్సన్ అయిపోయింది. పెళ్లినాడు పిల్ల పేరు మార్చేస్తారు. తండ్రి పోయాక చట్టమేమో పాత పేరుతో పిలుస్తుంది. ఎవరు పలుకుతారు? కొడుకులవి వాళ్లకి చేరతాయి, కూతుళ్లవి నా గదిలో మూలుగుతాయి. సిగ్గుచేటు కాదూ? అడక్కపోతే నాకెలా తెలుస్తుంది?"

"సమయం అయిపోయింది," అంటూ చర్చ నడిపే ఆయన గంట వాయించాడు. ఎవరూ కదల్లేదు. అంతలో అధ్యక్షుడి భార్య చేతిసంచి ఆయన ఒళ్లో పడేసి మైకు దగ్గరికి నడిచింది.

"మాది ట్వెయిట్ వారిల్లు. ఏమన్నా ఉందా?"

ఆమె వెనక ఇంకొకావిడ. ఆవిడ వెనక హాట్‌డిష్ గరిటెతోనే మరొకావిడ. చూస్తుండగానే వరస తలుపు దాకా పాకింది. మొగుళ్లు చేతిసంచులు పట్టుకుని కూర్చున్నారు. ఆర్లిస్ ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్లకి అడక్కుండానే చెప్తున్నారు! ఎవరికెన్ని ఓట్లు పడతాయన్న ఆలోచన డెరెల్‌కి రాలేదు. గొంతుకి మాత్రం కాస్త కాఫీ పట్టించాడు.

హాలు ఖాళీ అయ్యేసరికి వరస చివర ఒక్కడే మిగిలాడు. మెడలో టై వదులు చేసుకుని కర్టిస్ బ్లూమ్.

"మా అమ్మ రాలేకపోయిందండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "వింగార్డ్ వాళ్లమ్మాయి."

"మీ అమ్మమ్మది కూడా చెప్పు బాబూ," అంది ఆర్లిస్.