వెనక్కి తొక్కితే బ్రేకు

మొన్న శనివారం కెల్లర్ ఖాళీ చేస్తుంటే, అదేనండీ, ఈ జర్మన్ ఊళ్లో చాలా అపార్టుమెంట్లకి కింద ఉండే నేలమాళిగలో సామాన్ల గది, పాత సూట్‌కేసుల వెనకాల గోడకి ఆనించిన నా ఆకుపచ్చ సైకిలు బయటపడింది. ఇల్లు మారుతున్నాం, కొత్త ఇంటికి కెల్లర్ లేదు, దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమని మావారు పొద్దున్నుంచీ ఒకటే పోరు. మాగ్డెబర్గ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మాట వేస్తే, ఇక్కడ మాస్టర్స్ చదువుతున్న నల్లగొండ పిల్ల ఒకతె సాయంత్రమే వచ్చి తీసుకుంటానంది. సరే కదా అని గుడ్డ పట్టుకుని తుడుస్తూ ఉంటే, చెయ్యి తగిలి హ్యాండిల్ మీది గంట ఒక్కసారి మోగింది. అంతే, తుడవడం మానేసి మెట్టు మీద కూలబడిపోయాను.

కరోనా ఏడాది గురించి నా ఈడువాళ్లకి నేను కొత్తగా చెప్పేదేముంది, ఎవరి కథ వాళ్లకుంది. నా కథ ఏమిటంటే, ఆఫీసు పని మీద పదిరోజులకని హైదరాబాద్ వెళ్లిన మావారు విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయారు, కొడుకును చూడ్డానికి మూణ్ణెల్ల వీసా మీద వచ్చిన మా మామయ్యగారు ఇక్కడ నాతో చిక్కుకుపోయారు. రెండు గదుల ఇల్లు, మనుషులం ఇద్దరం, మా ఇద్దరికీ మాటల్లేవు. కోడలు మామగారితో ముఖాముఖి మాట్లాడకపోవడం వాళ్ల ఇంట్లో పాత మర్యాదే అనుకోండి, కానీ మా మధ్య ఉన్నది ఒట్టి మర్యాద కాదు. ఆరేళ్ల కిందట మేమిద్దరం ఎవరికీ చెప్పకుండా రిజిస్టరు పెళ్లి చేసుకున్నామని ఆయన కొడుకుతోనే ఏళ్లతరబడి పలకలేదు, ఇంక తెనాలి పిల్లనైన నాతో ఏం పలుకుతారు! అక్కడ వాళ్లింట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే ఉండేది గనక, అత్తయ్యగారి గొంతు కూడా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. కబురు తెలిసి మావారు ఒక్కరే వెళ్లారు, తండ్రీకొడుకులకి మాటలు కలిసింది ఆవిడ దినాల్లోనే.

ఆ రోజుల్లో నేను చేసిన పని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అన్నం వండి, వంటింట్లోంచి హైదరాబాద్‌కి ఫోను చేసి, అన్నం అయిందని మీ నాన్నగారికి చెప్పండి అనేదాన్ని. హైదరాబాద్ నుంచి మళ్లీ మాగ్డెబర్గ్ హాల్లోకి ఫోను వచ్చేది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, వచ్చి కూర్చునేవారు. చారులో ఉప్పు తగ్గిన సంగతి కూడా నాకు ఖండాంతరాలు దాటే చేరేది.

బయట ఇంటివాళ్లతో కలిసి నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు అని ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకోవడంతో, మావారే ఫోనులో మధ్యవర్తిత్వం చేసి ఇద్దర్నీ ఒక ఆదివారం ఎల్బే నది కరకట్ట మీదికి తోలారు. మామయ్యగారు సూర్యాపేట వైపు పల్లెల్లో ముప్పై ఆరేళ్లు సైకిలు మీద ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్. కొడుకు గేర్ల సైకిలును అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపి, సాదాసీదాగా ఉన్న నా ఆకుపచ్చదాన్ని పట్టుకున్నారు. దానికి చేతి బ్రేకు లేదు, పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మన సైకిళ్లు అలా కాదు కదా, పల్లంలో దిగేటప్పుడు ఊరికే వెనక్కి తిప్పుకుంటూ పోతాం. ఆ ముక్క ఆయనకి చెప్పాలి. మావారికి రెండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. నోరు తెరిచి నేనే చెప్పొచ్చుగా? చెప్పలేదు. ఆరేళ్ల బిగువు నాలుక మీద తాళం వేసుక్కూర్చుంది.

కరకట్ట దిగే చోట, ముప్పై ఆరేళ్ల అలవాటు కొద్దీ ఆయన హాయిగా పెడళ్లు వెనక్కి తిప్పారు. ముందు వెళుతున్న నాకు ధబ్బుమని వినపడింది. మామయ్యగారూ అని నేను పెట్టిన కేకకి గట్టు మీద గొర్రెలు కూడా తలలెత్తాయి. పరుగెత్తి వెళ్లేసరికి గడ్డిలో కూర్చుని, చెక్కుకుపోయిన అరచేతిని ఊదుకుంటూ నా ముఖంలోకి చూసి అన్నారు.

"ఎనుకకు తొక్కితె బ్రేకు పడ్తదని ముంగల్నే చెప్పొద్దా బిడ్డా?"

అది ఆయన నాతో అన్న మొదటి మాట. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి, ముందు ఏడ్చాననుకుంటాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్లాం. తొందర లేదు, చేరాల్సిన ఊరు లేదు. మన ఆవచేల లాగే కనుచూపు మేర పసుపుపచ్చగా పూసిన చేలు, పొగగొట్టాల మీద కొంగల గూళ్లు, దారికి రెండువైపులా చెర్రీ చెట్లు. ప్రతి గేటు దగ్గరా ఆయన చెయ్యి దానంతటదే గంట కొట్టేది, ఇంట్లో మగ్గిపోతున్న ముసలివాళ్లు కిటికీలు తెరిచి చేతులు ఊపేవాళ్లు. సన్నదారి గనక నేను ముందు, ఆయన వెనక, ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఎదురెదురుగా రాని మాటలు అలా వరసలో వెళుతుంటే ఎంత సులువుగా వచ్చేవో! వానాకాలం వాగులూ, కుక్కలూ, మనియార్డరు కోసం కాచుకు కూర్చున్న ముసలమ్మలూ, అన్నీ నా వీపుకే చెప్పేవారు, మలుపు వస్తే జర పైలం బిడ్డా అని హెచ్చరించేవారు.

జూన్‌లో ఒకనాడు ఉన్నట్టుండి చెప్పారు. "మీ అత్తమ్మ నీకొక ఉత్తరం రాసింది బిడ్డా. నేనే ఎయ్యలే."

మా పెళ్లయిన కొత్తలో రాసిందట. పోస్ట్‌మ్యాన్ భార్యకి వేరే పోస్టు డబ్బా ఎక్కడుంది, ఆయన చేతికే ఇచ్చిందట. సర్వీసంతటిలో ఒక్క ఉత్తరం ఆపని మనిషి అదొక్కటి పెట్టె అడుగున దాచారు. డ్యూటీ నుంచి వచ్చిన ప్రతి సాయంత్రమూ, కోడలి దగ్గర్నుంచి ఏమన్నా వచ్చిందా అని ఆవిడ అడిగేదట, రాలే అని ఈయన చెప్పేవారట. రెండేళ్లు అడిగి, తర్వాత అడగడం మానేసిందట.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. వెనక్కి తిరగకుండా, కళ్లకి నీళ్లు అడ్డం పడుతున్నా, ఆయన్ను వదిలేసి బలంకొద్దీ తొక్కుకుంటూ పోయాను. నేను పొగరుబోతుదాన్నని అనుకుంటూనే ఆవిడ పోయి ఉంటుంది కదా! ఒక చెర్రీ చెట్టు కింద దిగి కూర్చున్నాను. ఎంతసేపటికో దూరంగా గంట వినపడింది. కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. నేనింకా ఉన్నానో లేదో అని ఆ పెద్దాయన దారంతా గంట కొట్టుకుంటూ వస్తున్నారు. ఆ చప్పుడు దగ్గరవుతున్న కొద్దీ నా కోపం దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటి కాలింగ్ బెల్లు మోగింది. తలుపు తీస్తే మామయ్యగారు, ఎప్పుడు బయటికి వెళ్లారో ఏమో, ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. పోస్ట్ అన్నారు, అంతే, ఊరి నుంచి సూట్‌కేసులో వెంట తెచ్చుకున్న ఆ కవరు రెండు చేతులతో అందించారు. అంటించింది అంటించినట్టే ఉంది, ఒకరి ఉత్తరం విప్పకూడదనే నియమం మాత్రం తప్పలేదు మహానుభావుడు. లోపల ఆవిడ గుండ్రటి అక్షరాలు. కొడుకు నిద్రలో పళ్లు కొరుకుతాడు భయపడకు, మీ మామ కోపం పాలపొంగు, దసరాకి రండి, నువ్వు రెండు ముక్కలు జవాబు రాస్తే అది చూపించి ఆయన్ని ఒప్పిస్తా అని రాసింది.

ఆగస్టులో ఆయన విమానం ఎక్కేముందు నేను జవాబు రాసి ఇచ్చాను. ఊరు చేరిన రోజే అత్తయ్యగారి ఫొటో ముందు కూర్చుని గట్టిగా చదివి వినిపించారని, అప్పటికింకా అక్కడే ఉన్న మావారు చెప్పారు. అప్పట్నుంచి ఫోను చేస్తే మొదట నాకే, కొడుకుతో ఏం చెప్పాలన్నా నా ద్వారానే. పోయినేడు ఆయనా పోయారు. ఇప్పుడు ఆఫీసులు తెరుచుకున్నాయి, ఆదివారాలు ఎటు పోతున్నాయో తెలియదు. నేనూ మావారూ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని చెరొక ఫోను చూసుకుంటాం. ఎక్కడికీ చేరక్కర్లేకుండా ఒకరి వెనక ఒకరం తొక్కుకుంటూ పోయిన ఆ దారి అక్కడే ఉంది, నేనే పోవడం లేదు.

సాయంత్రం నల్లగొండ పిల్ల వచ్చింది. గాలి కొట్టి ఇచ్చాను. ఆ పిల్ల ఇంకా సీటు మీద కూర్చోకముందే, దీనికి చేతి బ్రేకు లేదు, వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది, మన అలవాటు కొద్దీ పల్లంలో తిప్పేవు అని రెండుసార్లు చెప్పాను. తలూపి బయల్దేరింది. మలుపు దాకా చూస్తూ ఉండి, నాకు తెలియకుండానే కేక వేశాను.

"జర పైలం బిడ్డా!"

ఆ పిల్ల టక్కున వెనక్కి తొక్కి, ఆగి, తిరిగి చూసింది. "ఆంటీ, మీది మా దిక్కేనా?"

పుట్టింది తెనాలి, పెరిగింది తెనాలి. అవునమ్మా, మీ దిక్కే అన్నాను.