గడ్డపార దిగిన చోటి మట్టి

కరోనా భయం తగ్గిన మరుసటి ఏడు. నాచారం పారిశ్రామికవాడలో మట్టి పరీక్షల ల్యాబ్‌లో నా ఉద్యోగం. ఎండాకాలం చివర్లో సత్తెమ్మ వచ్చింది. అన్నోజిగూడ దాటాక గుట్ట కింద ఆమెకు కొంత మెట్ట చెలక ఉంది, నిండా సీతాఫలం చెట్లు. ఆ పళ్లు ఉప్పల్‌లో రోడ్డు పక్కన అమ్ముకుని బతుకుతుంది. కొన్నేళ్లుగా లాంటానా ముళ్లపొదలు కమ్ముకొస్తున్నాయి. కాయ నిమ్మకాయంత కూడా కావడం లేదు.

"మా మరిది యాదగిరి జేసీబీ పెట్టి పొదలన్నీ గీకిపిస్త అంటుండు. భూమిల సారం లేకుంటే చెట్లు గూడ తీసేసి ప్లాట్లకు అమ్ముదామంటుండు. జర నువ్వే సూసి చెప్పు బిడ్డా" అని మట్టి సంచి బల్ల మీద పెట్టింది.

పరీక్షలో ఆర్గానిక్ కార్బన్, అంటే ఆకూ అలమూ కుళ్లి మట్టిలో చేరే సత్తువ, బ్రహ్మాండంగా ఉంది. నైట్రోజన్ కూడా అంతే. ఎండిన గుట్ట నేలలో అంత సారమా? నమ్మబుద్ధి కాక ఫోన్ చేశాను.

"ఏడ తవ్వినవ్ పెద్దమ్మా?"

"ఏడనేంది? ఎండలకు భూమి రాయిలెక్క అయింది, గడ్డపార దిగుతలేదు. పొదల కింద మస్తు మెత్తగుంది, ఆడ్నే తీసిన."

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. మట్టి తెచ్చేవాళ్లలో చాలామంది చేసే పనే ఇది. ఆదివారం నేనే వెళ్లి పొద కింద ఒక శాంపిల్, పొదల నడుమ బోడినేలలో ఒకటి, సీతాఫలం చెట్టు మొదట్లో ఒకటి తీశాను. సారమంతా పొద కిందే ఉంది. మిగతా రెండూ ఉత్త మట్టి.

పొదలు పెరిగేకొద్దీ వాటి మధ్య గడ్డి చచ్చింది. బోడినేల మీద వాన పారి, పైమట్టీ ఆకులూ కొట్టుకొచ్చి పొదల మొదళ్లలో ఆగాయి. చెలక సారం పూర్తిగా పోలేదు, ఒక్కోచోట కుప్పపడింది. జేసీబీ ఎత్తిపోసేది సరిగ్గా ఆ కుప్పలనే.

ఈ మాట చెప్పడానికి నేను మళ్లీ వెళ్లేసరికే యాదగిరి ఒక పక్క గీకించేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. నేను చెప్పింది విని సత్తెమ్మ జేసీబీకి అడ్డంగా నిలబడింది.

"గిన్ని పొదలు చేతుల్తోని ఎవలు కొడ్తరు వదినా?" అన్నాడు యాదగిరి.

"నేను కొడ్త. నువ్ బండి తోలుకొని పో."

కొట్టింది. పొద నరికి, దాని కింది మెత్తటి మట్టి గంపలకెత్తి చెట్ల మొదళ్లలో పోసింది. రెండు వానాకాలాలు గడిచాక, దసరా ముందు, గుప్పిట్లో పట్టనంత పెద్ద సీతాఫలాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. గీకించిన పక్క మాత్రం గడ్డి కూడా సరిగా మొలవలేదట.

అప్పటినుంచి ఎవరు మట్టి తెచ్చినా, పరీక్షకు ముందే ఎక్కడ తవ్వారని అడుగుతాను. ఆ రోజు సత్తెమ్మనూ అడగబోయాను, ఎందుకంటే పళ్లతో పాటు ఇంకో మట్టి సంచి తెచ్చింది.

ఆమె బొబ్బలెక్కిన అరచేతులు చూపించింది. "గీకిన పక్కది బిడ్డా. ఈపారి గడ్డపార దిగని కాడనే తవ్విన. గా పక్కను గూడ బతికియ్యాలె."