లేని దర్వాజ

మా కాలనీలో ఒక కాక ఉండేవాడు. బజారుకు వెళ్తూ, ఏటీఎం ఎదురుగా ఉన్నట్టుండి తల వంచి రెండడుగులు వేసి, మళ్లీ నిటారుగా నడిచేవాడు. బొగ్గుబాయిలో వంగి పనిచేసిన నడుమేమో అనుకుని అడిగాను.

"బాయి గాదు బిడ్డా. గీడ మా ఊరి దర్వాజ ఉండె, కాకతీయుల నాటిది. వంగకపోతే నెత్తి పలుగుతుండె" అన్నాడు.

పెరిగిన పట్నం ఆ ఊరిని ఎప్పుడో మింగేసింది. దర్వాజ రోడ్డు వెడల్పులో పోయింది. తర్వాత ఎవరికో చరిత్ర గుర్తొచ్చి, బొగ్గు లారీలు పట్టేంత ఎత్తున స్వాగత తోరణం కట్టారు. దానిమీద చరిత్ర రెండు వరసలు, మిగతాదంతా నాయకుడి ఫొటో.

ప్రారంభం నాడు పాత ఊరి మనిషని కాకకు శాలువా కప్పి ముందు నడిపించారు. ఏటీఎం దగ్గర ఆయన అలవాటుగా వంగాడు. వెనక వస్తున్న నాయకుడు ఇదేదో ఆచారమనుకుని తనూ వంగాడు. ఆయన వంగితే అనుచరులు ఊరుకుంటారా? ఊరేగింపంతా వంగింది. ఫొటో సరిగా రాలేదంటే ఇంకోసారి వంగింది.

కాక నా చెవి దగ్గర అన్నాడు: "దర్వాజ ఉన్ననాడు, జీపు పడ్తలేదని గీ సారే కూలగొట్టిచ్చిండు. ఇప్పుడు సూడు, ఎంత మంచిగ వంగుతున్నడో!"