నా బదులు మనిషి

మా ఊళ్లో నేను పార్ట్‌టైం పోస్టుమ్యాన్‌ని. పర్మినెంట్ ఉద్యోగం పరీక్ష కోసం సెలవు పెట్టి అమీర్‌పేటలో కోచింగ్‌కు వచ్చాను. మాకు సెలవు కావాలంటే బదులు మనిషిని మేమే చూపించాలి. నేను నా భార్యను చూపించాను.

ఆ మధ్యాహ్నం పంజాగుట్టలో లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు ఎట్లా కొట్లాడారో మా క్లాసతనికి చెబుతున్నాను. ఎవరూ నేర్పకుండా చదువుకున్నది కదా, చెబుతుంటే గర్వంగా ఉంది. అప్పుడే నా భార్య ఫోన్ చేసింది.

"నాలుగు గంటల పని అన్నవ్ గద? పొద్దుగాల బయల్దేరిన, ఇంక సంచి ఖాళీ కాలే. సిగ్నల్ కోసం వేలిముద్రల మిషన్ పట్టుకొని గుట్టెక్కిన. పింఛన్‌కొచ్చిన ముసలమ్మ సుత నా ఎన్కనే ఎక్కింది. వేలు పడ్తలేదు, పైసలు ఎట్లియ్యాలె?"

"ఫోన్ల ఎవరు, అన్నా?" అన్నాడతను.

భార్యతో సంచి మోయిస్తున్నానని చెప్పలేక, "మా ఆఫీసుల నా కింద పనిచేస్తది" అన్నాను.

ఫోన్ చెవి దగ్గరే ఉంది.

"సరే సార్. ముసలమ్మ ఎండల కూసుంది. ఏం చెయ్యమంటరు?"

వేలు తడిచేసి, తుడిచి మళ్లీ పెట్టించమన్నాను. పడిందని చెప్పి ఫోన్ పెట్టేసింది.

"తర్వాత ఏమైందన్నా, ఆ కార్మికులకు?" అని అతను అడిగాడు.