ఆవిడకు పాస్‌పోర్టు వచ్చింది

బహ్రెయిన్‌లోని సల్మానియాలో నేను పనిచేసే ప్రైవేటు క్లినిక్ ల్యాబ్‌లో ఆవిడ నాకంటే రెండేళ్ల తర్వాత చేరింది. పాలస్తీనా మనిషి. తాతగారిది ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా దగ్గర పల్లె. ఆవిడ పుట్టింది మాత్రం లెబనాన్‌లోని శరణార్థుల శిబిరంలో.

మొదటి వారంలోనే నాకు ఆవిడంటే పడలేదు. కారణం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. నేను అరబ్బీ ముక్కలు ఏరుకుని మాట్లాడుతుంటే, ఆవిడ నోరు విప్పగానే రోగులు సొంత మనిషి దొరికినట్టు కుదుటపడేవారు. టీవీలో గాజా వార్తలు వచ్చిన రోజుల్లో ముసలావిడలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేవారు, ఇంట్లో చేసిన మిఠాయిలు తెచ్చేవారు. అలాంటి రోజుల్లోనే ఒకసారి తుఫానుకి కాకినాడ దగ్గర మా అక్క ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆవిడ దుఃఖానికి దొరికే గౌరవం చూసి కూడా నేను కుళ్లుకున్నాను.

ల్యాబ్ ఇన్‌ఛార్జి పోస్టు ఆవిడకిచ్చిన రోజు ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించాను.

"ఆవిడ చదువూ నీ చదువూ ఒకటేనా?" అన్నారు మావారు.

"ఒకటే. సర్వీసు నాదే ఎక్కువ."

"మరి అరబ్బీ?"

నేను ఇంకో గిన్నె ఎత్తి పడేశాను.

బహ్రెయిన్ ఇజ్రాయెల్‌తో ఒప్పందం చేసుకున్న ఏడాది, టీ తాగుతూ మా కేరళ డాక్టరుగారు ఆవిడతో, "ఇక ఈ ప్రాంతమంతా శాంతే. మీ వాళ్ల కష్టాలూ తీరతాయి" అన్నారు, మంచి మనసుతోనే.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "దేశాలు రాజీ పడుతున్నాయి డాక్టర్. మంచిదే. నన్ను ఏ దేశం మనిషి అనుకోవాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు."

గదిలో అందరూ ఆవిడ వైపే చూశారు. ఆ చూపులు కూడా నాకు గుచ్చుకున్నాయి.

తర్వాత కొన్నాళ్లకు కొత్త మెషీన్ మీద శిక్షణకి ఆవిడను జర్మనీ పంపాలనుకున్నారు. ఆవిడ దగ్గరున్నది పాస్‌పోర్టు కాదు, శరణార్థులకి లెబనాన్ ఇచ్చే ప్రయాణ పత్రం. వీసా రాలేదు. మేనేజరు నన్ను పిలిచి, "మీరు వెళ్తారా?" అన్నాడు. వెళ్తానన్నాను. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని నవ్వుకున్నాను.

ప్రయాణానికి ముందురోజు ఆవిడ నా పాస్‌పోర్టు చూపించమంది. పేజీలు నెమ్మదిగా తిప్పింది.

"రేపు నీ ఉద్యోగం పోతే మీ ఊరు వెళ్లిపోతావు. అవునా ఉఖ్తీ?" చెల్లెల్ని పిలిచినట్టు నన్ను అలాగే పిలిచేది.

"అవును."

"ఎందుకొచ్చావని ఎవరూ అడగరు."

"మా అత్తగారు తప్ప," అన్నాను. ఇద్దరం నవ్వాం. ముందుగా ఆగింది ఆవిడ నవ్వే.

నేను తిరిగొచ్చిన ఏడాదే ఆవిడ భర్తకి కెనడాలో శాశ్వత నివాసం దొరికి కుటుంబమంతా వెళ్లిపోయారు. ఇన్‌ఛార్జి కుర్చీ నాకొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత, పోయిన చలికాలం ఆవిడ ఇక్కడున్న చెల్లెల్ని చూడటానికొచ్చి, మా ఇంటికి భోజనానికి వచ్చింది. సంచిలోంచి కెనడా పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. ఇద్దరు కూతుళ్లకీ వచ్చిందట. నాలో పాత మంట లేచింది. మా అమ్మాయి ఈ దేశంలోనే పుట్టింది, ఇక్కడే ప్లస్ టూ చదువుతోంది. అయినా మా ఉద్యోగాలున్నన్నాళ్లే దానికీ ఇక్కడ చోటు.

"ఇది పట్టుకుని తాతగారి ఊరు చూద్దామని వెళ్లాను," అంది ఆవిడ. "జోర్డాన్ వైపు సరిహద్దులో ఇజ్రాయెల్ అధికారులు పొద్దంతా కూర్చోబెట్టారు. ఎక్కడ పుట్టావు, తాత పేరేంటి అని అడిగి అడిగి వెనక్కి పంపేశారు."

ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. ఓదారుస్తూనే మనసులో ఆవిడ కూతుళ్లు చదవబోయే కాలేజీల గురించి ఆలోచిస్తున్నాను. నా మీద నాకే రోత పుట్టి, జర్మనీ వీసా రానప్పుడు నేను నవ్విన సంగతి చెప్పేశాను.

ఆవిడ పాస్‌పోర్టు తిరిగి సంచిలో పెట్టుకుంది.

"తెలుసు. బాత్రూంలోంచి వచ్చాక నీ కళ్లలో సంతోషం దాచుకోలేకపోయావు," అంది. "ప్రతి జూలైలో, ఊరెళ్లాలి, బట్టలు సర్దాలంటే విసుగు అనేదానివి. ఆ నెలంతా నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండేది."

నేను ఇంకాస్త పప్పు వడ్డించాను. ఆవిడ వద్దనలేదు.

వెళ్లేముందు మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని కెనడా చదువులకి దరఖాస్తు ఎలా పెట్టాలో ఓపిగ్గా చెప్పింది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. మా అమ్మాయి ఆవిడ వైపు ఎంత ఇష్టంగా చూస్తోందో గమనించి, ఆ చూపుకీ కాస్త కుళ్లుకున్నాను.