తిరగేసిన బోర్డు

శంషాబాద్‌లో బోర్డు లేనిదంటూ ఏదీ ఉండదు. ఖాళీ జాగకు వెంచర్ బోర్డు, పుట్టినరోజుకు ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీలో పుట్టినాయన కంటే శుభాకాంక్షలు చెప్పేవాళ్ల మొఖాలే పెద్దగా ఉంటాయి. అట్లాంటి ఊళ్లో మా సెంటర్‌కు బోర్డు లేదు. మరిచిపోయి కాదు, కావాలనే పెట్టలేదు.

మా దగ్గరికి వచ్చేది పెద్దవాళ్ల చేతుల్లో హింసపడ్డ పిల్లలు. వాళ్లతో కూర్చుని మాట్లాడేది ఒకామె. పోలీస్ స్టేషన్‌కూ కోర్టుకూ తోడుపోయేది నేను. కింద టిఫిన్ సెంటర్, పైన మేము. ఎయిర్‌పోర్టు బుకింగ్ కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్లంతా ఆ టిఫిన్ సెంటర్ ముందే ఉంటారు. వాళ్ల లెక్కలో పైన నడిచేది ట్యూషన్. మేమెప్పుడూ కాదనలేదు. ఒక డ్రైవరన్న తన కొడుకును కూడా చేర్చుకొమ్మంటే, సీట్లు నిండిపోయాయన్నాను. అబద్ధమేమీ కాదు. ఎప్పుడూ నిండే ఉంటాయి.

సర్కారు గ్రాంటు మొదటి విడత వచ్చింది. రెండో విడతకు ముందు ఆఫీసు నుంచి సార్ ఫోన్ చేశాడు.

"మేడమ్, బోర్డేది? బోర్డు ఫోటో అప్‌లోడ్ కాకుంటే ఫైల్ ముందలకు కదలదు."

"సార్, ఇక్కడికొచ్చే పిల్లలెవరో బయటికి తెలువొద్దని చట్టం ఉంది కదా."

"చట్టం వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్."

అంత గొప్ప మాట చెప్పి ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఇద్దరు మనుషులు ఆటోలో బోర్డు తెచ్చారు. నేను మెట్లకు అడ్డం నిలబడ్డాను. "పైనుంచి ఆర్డర్ అక్కా" అని, వాళ్లు మెట్ల దాకా రాకుండానే గేటు మీద బిగించి పోయారు. ఇనుప ఫ్రేముకు ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో సగం ఒక నాయకుడి నవ్వు. మిగతా సగంలో ఎర్ర అక్షరాలతో 'హింసకు గురైన బాలల సహాయ కేంద్రం.'

ఆ పొద్దున రావాల్సింది ఒక నాలుగో తరగతి పిల్ల. పక్క ఊరి నుంచి వాళ్ల అవ్వ తీసుకొస్తుంది. ఊళ్లో మాత్రం పంటి దవాఖానకు పోతున్నమని చెప్పుకుంటారు. వచ్చే వారం ఆ పిల్ల కోర్టులో జరిగింది చెప్పాలి. దానికి ముందు మిగిలింది ఆ ఒక్క వారమే. జడ్జి ఎక్కడ కూర్చుంటాడు, తెలియనిది అడిగితే తెలియదనొచ్చా, ఏడుపొస్తే నీళ్లడగొచ్చా, ఇట్లాంటివన్నీ ఆ పిల్లకు ఇంకా చెప్పాల్సి ఉంది.

బాల్కనీలోంచి చూస్తున్నాను. అవ్వకు చదువు రాదు. పిల్లకు వస్తుంది. గేటు ముందు ఆగి, బడిలో నేర్పినట్టే కూడబలుక్కుంటూ చదివింది. మధ్యలో ఆగిపోయింది. టిఫిన్ సెంటర్ దిక్కు చూసింది. వాళ్ల ఊరి డ్రైవరొకడు ఇడ్లీ తింటున్నాడు. అవ్వ కొంగు పట్టి గుంజింది. ఇద్దరూ వెనక్కి తిరిగిపోయారు.

నేను దిగొచ్చి టిఫిన్ సెంటరాయనను పానా అడిగాను.

"ఏందక్కా, పొద్దుగాల పెట్టిన బోర్డు అప్పుడే తీస్తున్నవ్?"

"స్పెల్లింగ్ తప్పుందన్నా."

"మరి ఆ మొఖం?"

"అది కూడా."

సాయంత్రం అవ్వకు ఫోన్ చేసి బోర్డు తీసేశానని చెప్పాను. "నేను నమ్ముతున్న బిడ్డా. పోరి నమ్ముతలేదు. నన్నే పోయి చూసి రమ్మంటుంది" అన్నది అవ్వ. అన్నట్టే మర్నాడు ఒక్కతే వచ్చింది. గేటు చూసింది, గోడ చూసింది, ఒంగి మెట్ల కింద కూడా చూసింది. నేను పైకి రమ్మన్నా రాలేదు. ఇన్‌స్పెక్షన్ అంటే అది. ఆ తరువాతి రోజు పిల్లను వెంటబెట్టుకొచ్చింది.

పిల్ల అడిగిన మొదటి మాట: "గా బోర్డు ఏడుందక్కా?"

ఫ్రేము ఊడదీసి ఫ్లెక్సీని చుట్టి ముందు గదిలో మూలకు పెట్టి ఉంచాను. చూపించాను. పిల్ల దాన్ని నేల మీద పరిచి, నాయకుడి నవ్వు కిందికి పోయేటట్టు తిరగేసింది. వెనక అంతా తెల్లగా ఉంది. "మస్తు పెద్దగుంది" అని స్కెచ్ పెన్నులు తెచ్చుకొని దాని మీద బోర్లా పడుకుంది. ఆ వారమంతా బొమ్మలేసుకుంటూనే కోర్టు ముచ్చట్లు విన్నది, అడిగింది. కోర్టు రోజు రానే వచ్చింది. నేను తోడుపోయాను. చెప్పాల్సిందంతా చెప్పింది. మధ్యలో ఒకసారి నీళ్లడిగింది.

ఈలోగా ఒక ప్లాట్ల వ్యాపారి వచ్చాడు. రెండో విడత ఎంతైతే అంత తనే ఇస్తాడట, పిల్లలతో ఒక్క ఫోటో చాలట. చాయ్ తాగించి పంపాను. ఎయిర్‌పోర్టు రోడ్డుకు లైట్లు ఎవరూ జాలిపడి వెయ్యలేదు. అది సర్కారు పని కాబట్టి వేశారు. ఇదీ సర్కారు పనే. ఈ పిల్ల కోర్టుకు తోడు లేకుండా పోకపోవడం ఒకరి పుణ్యం ఖాతాలో పడాల్సింది కాదు.

కోర్టయిపోయినా పిల్ల వస్తూనే ఉంది. అట్లా వచ్చిన ఒక రోజే ఆఫీసు సార్ కూడా వచ్చాడు. పిల్ల లోపలి గదిలో ఉంది. నేను ఆ గది తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

"బోర్డు తీసిన్రట?"

"తియ్యలే సార్, లోపల పెట్టినం."

"ఏడుంది మరి?"

"మీరు దాని మీదనే నిలబడ్డరు. జర చెప్పులు విప్పండి, పిల్లలు కూర్చునే జాగ."

ఆయన కిందికి చూసుకున్నాడు. చెప్పులు విప్పాడు. అంతదాకా మంచి మనిషే.

"ఇదేంది?"

"విమానం సార్."

"దాని కింద?"

"దోశ. మా టిఫిన్ సెంటర్ది. విమానం కంటే పెద్దగేసింది. రోజూ పైనుంచి పోయేదే కదా, విమానానికి అంత ఇజ్జత్ ఇయ్యలేదు."

"పోరగాళ్లను జర బయటికి పిలవండి మేడమ్. ఒక్క ఫోటో దిగితే రేపే ఫైల్ పెడ్త."

"పిల్లలు రారు సార్."

"మొఖాలు కనవడకుంట తీస్త."

"వీపులు కూడా రావు. మీ పిల్లల ఫోటో పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు."

ఆయన మొఖం ఎర్రబడింది. "గ్రాంటు వద్దా మీకు?"

"కావాలె. మొత్తం కావాలె. ఆలస్యమైనందుకు తప్పయిందని ఒక మాట కూడా కావాలె."

తలుపు వెనక నుంచి చిన్న నవ్వు వినిపించింది. సార్‌కూ వినిపించింది. ఆయన తలుపు దిక్కు చూశాడు. నేను కుర్చీని ఇంకాస్త వెనక్కి జరిపి తలుపుకు ఆనించాను. ఆయన ఫోన్ తీసి, నేల మీది విమానానికీ దోశకూ ఫోటో తీసుకున్నాడు. చెప్పులేసుకొని దిగిపోయాడు.

రెండో విడత ఇంకా రాలేదు. నేను ప్రతి సోమవారం ఉత్తరం రాస్తున్నాను. మొదట్లో 'దయతో మంజూరు చేయవలసిందిగా ప్రార్థన' అని రాసేదాన్ని. ఇప్పుడు దయా ప్రార్థనా రెండూ తీసేశాను. ఉత్తరం చిన్నదైంది.

పిల్ల ఇంకా వస్తుంది, గేటు ముందు ఆగకుండా. నిన్న దోశ పక్కన చట్నీ వేసింది. ఫ్లెక్సీ మీద ఇంకా చాలా జాగ ఉంది.