పూర్తి డబ్బు కడితేనే ఆ షేర్లు

హోసూరులో నేను పనిచేసే షేర్ బ్రోకర్ ఆఫీసుకు ఈ రోజు ఉదయం రాయకోట నుంచి మునిరెడ్డిగారు, ఆయన భార్య రత్నమ్మగారు వచ్చారు. బోరు వేయించడానికి దాచిన డబ్బుతో ఒక ఇంటర్నెట్ కంపెనీ షేర్లు కొనాలని ఆయన పట్టుదల. కొంత మార్జిన్ కడితే మిగతాది మా ఆఫీసు అప్పు పెడుతుందని ఆశపడ్డారు. ఆ షేరుకు ఈ రోజు నుంచి పూర్తి డబ్బు ముందే కట్టాలని, కొన్న రోజే అమ్మడానికి లేదని చెప్పాను.

“నిన్న లేని కట్టడి ఈ పొద్దు యాడ నుంచి వచ్చిందమ్మా?” అన్నారాయన.

“మరీ ఎగిరిపడే షేర్లకు ఇట్లే పెడతారప్పా,” అన్నాను.

రత్నమ్మగారు లేచి నిలబడ్డారు. “అప్పు ఇచ్చేవాళ్ళే భయపడినారంటే మనకెందుకు? లేయండి, బోరాయన ఆడ కాచుకోనుండాడు.”

ఆయన ఆమె వెంట వెళ్ళారు.

మధ్యాహ్నానికి ఆ షేరు బాగా పడిపోయింది. సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

“పడిపోయిందంట కదమ్మా. మా ఇంట్లో చెప్పొద్దు.”

చెప్పనన్నాను. రత్నమ్మగారు అంతకు ముందే ఫోన్ చేసి కనుక్కున్నారని ఆయనకూ చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?